అణువుకు ఏ దీపం కట్టాలి? రోగనిరోధక ప్రేరకాలకు ఫ్లోరెసెంట్ ప్రోబ్ ఎంపిక

పరిశోధనలో అడుగుపెట్టిన తొలి ఏడాది, ఫ్లోరెసీన్ అనే పచ్చని డై తగిలించిన సీపీజీ డీఎన్ఏ ముక్కను (రోగనిరోధక కణాలను మేల్కొలిపే వరుస ఇది) ఎలుక మాక్రోఫేజ్‌లకు, అంటే చొరబడినవాటిని మింగే కణాలకు, ఇచ్చి సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నాను. పది నిమిషాలకు కణాల అంచుల వెంట పచ్చని చుక్కలు కనిపించాయి. నలభై నిమిషాలకు అవి లోపలికి జరిగి మసకబారాయి. గంట దాటేసరికి దాదాపు చీకటి. ‘కణం దీన్ని ముక్కలు చేసేసింది’ అని నోటుపుస్తకంలో రాసుకుని, మూడు వారాలు అదే నమ్మకంతో పనిచేశాను. ఆ తర్వాత ఒక సీనియర్ వచ్చి, అదే పళ్లెంలో 10 మిల్లీమోలార్ అమ్మోనియం క్లోరైడ్ వేసి చూడమన్నారు. కొద్ది నిమిషాల్లో చుక్కలన్నీ మళ్లీ పచ్చగా వెలిగాయి. డై ఉన్నచోటే ఉంది. కణం మింగినదాన్ని అరిగించే లైసోసోమ్ అనే తిత్తిలోని ఆమ్లంలో దాని వెలుగు అణిగిపోయింది, అంతే. డీఎన్ఏ ముక్కలైందా లేదా అన్నది నా ప్రయోగం అసలు చెప్పనే లేదు.

ఆ మూడు వారాలు ఇంకెవరికీ వృథా కాకూడదనే ఇది రాస్తున్నాను. మన దగ్గర రోగనిరోధక ప్రేరకాల, అంటే రోగనిరోధక కణాలను మేల్కొలిపే అణువుల, పరిశోధనలోకి వస్తున్న విద్యార్థులు చాలామంది. వాళ్లకు ఇది దూరపు విషయమూ కాదు. హైదరాబాద్‌లో తయారైన రెండు కోవిడ్ టీకాల్లో ఇలాంటి అణువులే పనిచేశాయి. కోవాగ్జిన్‌లో అల్యూమినియం హైడ్రాక్సైడ్‌కు పట్టించిన ఇమిడజోక్వినొలిన్ తరగతి అణువు ఉంది. కార్బెవాక్స్‌లో అల్యూమినియం లవణంతో పాటు సీపీజీ 1018 ఉంది. ఇవి కణంలో ఎక్కడికి వెళ్తాయి, ఏ గ్రాహకాన్ని తాకుతాయి అని కంటితో చూడాలంటే వాటికి ఒక వెలుగును తగిలించాలి. అలా వెలుగు తగిలించిన అణువే ఫ్లోరెసెంట్ ప్రోబ్. ఏ వెలుగు, ఎక్కడ, ఎలా అన్నదే ప్రశ్న.

డై కేటలాగు తెరవకముందు

కొత్తవాళ్లు ముందుగా అడిగేది ‘ఏ డై ఎక్కువ ప్రకాశవంతం?’ అని. నేనైతే అది చివర అడుగుతాను. మొదట తేల్చుకోవాల్సింది, ఆ అణువు పనిచేసే చోటు ఏది అని.

బాక్టీరియా పొరలోని ఎల్‌పీఎస్ (కొవ్వు, చక్కెర కలిసిన పెద్ద అణువు)ను గుర్తించే గ్రాహకం టీఎల్ఆర్4 కణం పైపొర మీద ఉంటుంది. అదే కుటుంబపు టీఎల్ఆర్7, టీఎల్ఆర్9 (సీపీజీని గుర్తించేది ఇదే) ఎండోసోమ్‌ల లోపల, అంటే కణం మింగినవి ముందుగా చేరే తిత్తుల్లో, ఉంటాయి. అక్కడ పీహెచ్ సుమారు 6 దగ్గర మొదలై, లైసోసోమ్ చేరేసరికి 5 కంటే కిందికి దిగుతుంది. బాక్టీరియా కణకవచపు ముక్క ఎండీపీ కోసం కాచుకుని ఉండే గ్రాహకం నాడ్2 కణద్రవ్యంలో ఉంటుంది. కణద్రవ్యంలో డీఎన్ఏ కనబడితే కణమే తయారుచేసే సంకేత అణువు సీగ్యాంప్. దాన్ని పట్టే గ్రాహకం స్టింగ్ కణాంతర జాలం పొర మీద కూర్చుని తన జేబును కణద్రవ్యం వైపు తెరిచి ఉంచుతుంది. అంటే పైపొర, ఆమ్లపు తిత్తి, కణద్రవ్యం అని మూడు చోట్లు. ఒకచోట చక్కగా పనికొచ్చే డై మరోచోట అబద్ధం చెప్పగలదు.

రెండో ప్రశ్న అణువు పరిమాణం. ఎల్‌పీఎస్ అణుభారం వేలల్లో ఉంటుంది, తరచుగా 10,000 నుంచి 20,000. దానికి ఒక డై తగిలిస్తే ఏనుగు మీద గంట కట్టినట్టే, పెద్దగా తేడా రాదు. ఇమిడజోక్వినొలిన్ తరగతికే చెందిన రెసిక్విమోడ్ అణుభారం మాత్రం 314. అణువులకు అతికించడానికి వాడే ఫ్లోరెసీన్ రూపం, ఫ్లోరెసీన్ ఐసోథయోసయనేట్‌ది 389. ఇక్కడ దీపమే మనిషికంటే పెద్దది. అలాంటప్పుడు మీరు చూస్తున్నది రెసిక్విమోడ్ నడకా, రెసిక్విమోడ్‌ను మోస్తున్న ఫ్లోరెసీన్ నడకా అని నిజాయితీగా అడిగి తీరాలి.

ఎక్కడ తగిలించాలి: టీఎల్ఆర్7 చెప్పే పాఠం

ఈ విషయంలో నాకు ఎంతో ఇష్టమైన ఉదాహరణ కాన్సాస్ విశ్వవిద్యాలయంలో సునీల్ డేవిడ్ బృందం 2010లో ప్రచురించిన పని. టీఎల్ఆర్7ను ప్రేరేపించే ఇమిడజోక్వినొలిన్ అణువులో అన్ని చోట్లా చేయి వేయలేం. నాలుగో స్థానంలోని అమైన్‌ను కదిలిస్తే అణువు మూగబోతుంది. రెండో స్థానంలోని బ్యూటైల్ గొలుసు పొడవు మారితే బలం మారుతుంది. ఒకటో స్థానంలోని నైట్రోజన్ మాత్రం కొంత సహనం చూపిస్తుంది. ఆ బృందం సరిగ్గా అక్కడ ఒక బెంజైల్ వలయాన్ని, దాని చివర ఒక అమైనోమిథైల్ కొక్కేన్ని పెట్టింది. కొక్కెం పెట్టాక కూడా అణువు టీఎల్ఆర్7ను ప్రేరేపిస్తూనే ఉంది. డైని ఆ కొక్కేనికే తగిలించారు, చెప్పుకోదగ్గ నష్టం లేకుండా. సూక్ష్మదర్శినిలో అవి ఎండోసోమ్‌లలో కనిపించాయి. మనిషి రక్తంలో బీ కణాలు, టీ కణాలు, ఎన్‌కే కణాలు వాటిని వేర్వేరు మోతాదుల్లో తీసుకున్నాయి. ఎంత తీసుకున్నాయన్నది ఎంత ఉత్తేజితమయ్యాయన్న దానితో సరిపోలింది. వెలుగుకూ పనికీ మధ్య అలాంటి పొత్తు కుదిరితేనే ప్రోబ్ మాట నమ్మాలి.

ఇదే తీరు మిగతా అణువుల్లోనూ కనిపిస్తుంది. సీపీజీ డీఎన్ఏ విషయంలో టీఎల్ఆర్9కు 5' కొస తెరిచి ఉండాలి. ఆ కొసను మూసేస్తే చురుకు తగ్గుతుంది. కాబట్టి డైని 3' కొసకే కట్టించుకోండి. ఆర్డరు ఫారంలో ఒక్క గీత తేడా, ఫలితంలో ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా.

ఎండీపీ కథ ఇంకా సూక్ష్మమైనది. కణంలోకి చేరిన ఎండీపీలోని చక్కెర భాగపు ఆరో కార్బన్ మీది హైడ్రాక్సిల్‌కు ఎన్ఏజీకే అనే ఎంజైమ్ ఒక ఫాస్ఫేట్‌ను తగిలిస్తుందని, అది జరిగితేనే నాడ్2 మేల్కొంటుందని 2022లో తేలింది. రసాయన శాస్త్రవేత్తకు డై తగిలించడానికి అన్నిటికంటే సులువుగా అందే చోటు ఆ హైడ్రాక్సిలే. సులువు కదా అని అక్కడ గట్టి బంధంతో డై కడితే అందంగా వెలిగే, నాడ్2కు ఏమీ చెప్పలేని అణువు తయారవుతుంది. ఎండీపీకి పెప్టైడ్ తోక వైపున కొక్కెం పెట్టిన ప్రోబ్‌నే నేను ఎంచుకుంటాను. అప్పుడు కూడా నాడ్2 చురుకును కొలిచి చూశాకే.

డైలు పక్కపక్కన

ఫ్లోరెసీన్‌ను అడాల్ఫ్ వాన్ బేయర్ 1871లో తయారు చేశాడు. చవక, చాలా ప్రకాశవంతం, ఏ యంత్రంలోనైనా కనబడుతుంది. దాని బలహీనత ఆమ్లం. బాగా వెలిగే రూపానికి పీకేఏ, అంటే సగం అణువులు ఆ రూపంలో ఉండే పీహెచ్, 6.4 దగ్గర ఉంటుంది. పీహెచ్ 7.4లో అణువుల్లో నూటికి 90 ఆ రూపంలో ఉంటే, పీహెచ్ 5లో నూటికి 4 మాత్రమే ఉంటాయి. ఈ లోపాన్నే గుణంగా మలచుకున్నవారూ ఉన్నారు. 1978లో ఓకుమా, పూల్ అనే పరిశోధకులు ఫ్లోరెసీన్ కట్టిన డెక్స్‌ట్రాన్ అనే చక్కెర గొలుసును మాక్రోఫేజ్‌లకు తినిపించి, ఆ వెలుగు మారే తీరుతోనే లైసోసోమ్ పీహెచ్‌ను కొలిచారు. మీ ప్రశ్న పైపొర మీద అతుక్కోవడం గురించైతే ఫ్లోరెసీన్ చాలు. ఎండోసోమ్ గురించైతే వద్దు. పైగా లేజరు కింద త్వరగా వెలిసిపోతుంది కాబట్టి ఎక్కువసేపు తీసే లైవ్ వీడియోలకూ పనికిరాదు.

అలెక్సా ఫ్లోర్ 488 అదే రంగులో వెలుగుతుంది కానీ పీహెచ్ 4 నుంచి 10 వరకు చలించదు, త్వరగా వెలిసిపోదు. సల్ఫోనేట్ గుంపుల వల్ల రుణావేశం మోస్తుంది, నీటిలో హాయిగా కరుగుతుంది, పొరలను దాటలేదు. ఎల్‌పీఎస్, సీపీజీ లాంటివాటికి అది లోపం కాదు. అవి ఎలాగూ కణం మింగితేనే లోపలికి వెళ్తాయి. ఎండీపీ లాంటి చిన్న అణువుకు తగిలిస్తే మాత్రం కణద్రవ్యం చేరే దారి మూసినట్టే. ఎండోసోమ్ నుంచి ఎండీపీని బయటికి చేరవేసే ఎస్ఎల్‌సీ15 తరగతి వాహకాలు చిన్న పెప్టైడ్‌ల కోసం ఏర్పడినవి. అంత బరువున్న రుణావేశపు డైని అవి మోస్తాయని ఆశపడకండి.

బోడిపీ ఎఫ్‌ఎల్ చిన్నది, ఆవేశం లేనిది, ఆమ్లానికి లొంగనిది. కొవ్వు తత్వం ఉన్న ప్రేరకాలకు, అంటే ఎల్‌పీఎస్‌లోని కొవ్వు భాగమైన ‘లిపిడ్-ఏ’ తరగతి అణువులకు, ఇదే సహజమైన జోడీ. దానికి రెండు తిరకాసులున్నాయి. ఒకటి, కొవ్వు ఎక్కడుంటే అక్కడికి పోయి చేరుతుంది. కొవ్వు బిందువుల మీద కనిపించిన వెలుగు మీ అణువు ఇష్టమా, డై ఇష్టమా అని తేల్చాలి. రెండు, ఒకచోట గుమిగూడితే దాని పచ్చ వెలుగు అణిగి, 620 నానోమీటర్ల దగ్గర ఎర్రటి వెలుగు రావచ్చు. ఎర్ర ఛానెల్‌లో మరో డై వాడుతున్నవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి. ఈ అణిగే గుణమూ కొన్నిసార్లు వరమే. నీటిలో గుంపు కట్టి మసకగా ఉన్న బోడిపీ ఎల్‌పీఎస్‌ను దాన్ని మోసే ప్రోటీన్ ఎల్‌బీపీ విడదీసి, కణం పైపొర మీది ప్రోటీన్ సీడీ14కు అందించినప్పుడు వెలుగు పెరుగుతుంది. ఆ అందజేతను కడిగే పనే లేకుండా అక్కడికక్కడే చూడవచ్చు.

రోడమిన్ తరగతిలో టామ్రా ఆమ్లాన్ని తట్టుకుంటుంది. మాక్రోఫేజ్‌లకు సహజంగా ఉండే పచ్చని నేపథ్య వెలుగు నుంచి తప్పించుకునే రంగులో వెలుగుతుంది. ఎండోసోమ్ పనికి నా మొదటి మొగ్గు దీనివైపే. కాస్త జిగట స్వభావం ఉంది, గాజుకూ ప్లాస్టిక్‌కూ అంటుకుంటుంది. రసాయన శాస్త్రం వైపు నుంచి వచ్చేవారికి ఒక హెచ్చరిక. డబ్బు ఆదా అవుతుందని మామూలు రోడమిన్ బీ ఆమ్లాన్ని మీ అణువులోని ప్రాథమిక అమైన్‌తో నేరుగా అమైడ్‌గా కలపకండి. ఆ అమైడ్ లోపలికి ముడుచుకుని స్పైరోలాక్టమ్ అవుతుంది. తటస్థ పీహెచ్‌లో రంగూ ఉండదు, వెలుగూ ఉండదు, ఆమ్లం తగిలితేనే విచ్చుకుంటుంది. ‘లైసోసోమ్‌లోనే ఉంది, ఇంకెక్కడా లేదు’ అని సంబరపడతారు. నిజానికి అణువు అంతటా ఉండవచ్చు, వెలిగేది అక్కడే.

పీహెచ్‌రోడో అదే పనిని తెలిసి చేయిస్తుంది. బయట మసకగా, ఆమ్లంలో ప్రకాశంగా ఉంటుంది. కణాలు బాక్టీరియా ముక్కలను మింగాయా లేదా అని లెక్కించడానికి ఇంత సుఖమైనది లేదు, బయట మిగిలినదాన్ని కడిగే అవసరమే రాదు. నాడ్2, స్టింగ్ ప్రశ్నలకు మాత్రం దీన్ని దగ్గరకు రానివ్వకండి. అణువు ఎండోసోమ్ దాటి కణద్రవ్యంలోకి వచ్చిన క్షణమే ఆరిపోతుంది. మీరు వెతుకుతున్న ఘట్టమే తెర మీద కనిపించదు.

సిలికాన్ రోడమిన్ దూరపు ఎరుపులో, 650 నానోమీటర్లు దాటి వెలుగుతుంది. పొరలను దాటగలదు, జీవకణాలను పెద్దగా నొప్పించదు. ఖరీదు మాత్రం ఎక్కువ. కణద్రవ్యం చేరాల్సిన అణువుకు పెద్ద డై తప్పనిసరైతే దీన్ని పరిశీలించండి.

డైకి బదులు చిన్న కొక్కెం

అణువు చిన్నదైనప్పుడు నేను చాలాసార్లు సూచించేది క్లిక్ పద్ధతి. అణువుకు ముందు ఒక ఆల్కైన్, అంటే చిన్న కార్బన్ కొక్కెం, మాత్రమే పెడతారు. ప్రొపార్జైల్ గుంపు చేరితే అణుభారం పెరిగేది 38 మాత్రమే, డైతో పోలిస్తే పదో వంతు. ఆ అణువు తన దారిన తాను కణంలోకి వెళ్తుంది. తర్వాత కణాలను ఫార్మాల్డిహైడ్‌తో ఫిక్స్ చేసి (ఉన్నవి ఉన్నట్టు బిగించి), రాగి సాయంతో అజైడ్ డైని దానికి అతికిస్తారు. ఈ రసాయన మార్గాలకే 2022లో బెర్టొజీ, మెల్డల్, షార్ప్‌లెస్‌లకు నోబెల్ వచ్చింది.

దీని బలహీనత చాలామంది ప్రయోగం చెడ్డాకే తెలుసుకుంటారు. ఫార్మాల్డిహైడ్ ప్రోటీన్లలోని అమైన్లను పట్టి ఉంచుతుంది, చిన్న అణువులను కాదు. గ్రాహకాన్ని వదులుగా పట్టుకున్న ఇమిడజోక్వినొలిన్ డిటర్జెంట్ వేయగానే కడుక్కుపోతుంది. అందుకే ఆల్కైన్‌తో పాటు ఒక డయజిరిన్ కూడా ఉంచుతారు. 365 నానోమీటర్ల కాంతి పడగానే అది నైట్రోజన్‌ను వదిలి పక్కనున్న ప్రోటీన్‌కు గట్టిగా అతుక్కుంటుంది. అప్పుడు ఎన్నిసార్లు కడిగినా పోదు, ఏ ప్రోటీన్‌కు అతుక్కుందో కూడా వెలికితీయవచ్చు. అయితే ఇది ఒక క్షణపు ఫొటో మాత్రమే, కదిలే బొమ్మ కాదు. బతికున్న కణంలో అణువు నడక చూడాలంటే మళ్లీ డై తగిలించిన ప్రోబ్ దగ్గరికే రావాలి.

సీగ్యాంప్ విషయంలో నేను ఇంకో మెట్టు వెనక్కి వెళ్లమంటాను. స్టింగ్ జేబు ఇరుకైనది, లిగాండ్ (గ్రాహకంలో కూర్చునే అణువు, ఇక్కడ సీగ్యాంప్) పడ్డాక మూత వేసుకుంటుంది. అందులోకి డైతో పాటు దూర్చడం కష్టం. లిగాండ్‌ను అలాగే వదిలేసి, స్టింగ్‌కే ఫ్లోరెసెంట్ ప్రోటీన్ తగిలించండి. ఉత్తేజితమైన స్టింగ్ కణాంతర జాలం నుంచి గాల్జీ వైపు కదిలి, కేంద్రకం పక్కన గుంపుగా పోగవుతుంది. ఆ కదలికే మీకు కావలసిన జవాబు చెబుతుంది. అల్యూమినియం లవణాలకైతే ఏదీ తగిలించే పనే లేదు. లూమోగాలియాన్ అనే రంజకం అల్యూమినియంతో కలిసినప్పుడు నారింజ రంగులో వెలుగుతుంది. కణాల్లోకి చేరిన అడ్జువెంట్ (టీకా ప్రభావాన్ని పెంచే పదార్థం) రేణువులను దానితోనే చూడవచ్చు.

నమ్మే ముందు

ఏ ప్రోబ్ ఎంచుకున్నా, డై లేని అసలు అణువుతో పక్కపక్కన పెట్టి రిపోర్టర్ కణాల్లో, అంటే గ్రాహకం మేల్కొంటే కొలవదగ్గ సంకేతమిచ్చే కణాల్లో, చురుకు కొలవాలి. ఎంత తగ్గితే సమ్మతం? నా లెక్కలో పది రెట్లు తగ్గితే పని నడుస్తుంది. వంద రెట్లు తగ్గితే అనుమానించాలి. కారణం చిన్న గణితం. సీసాలో డై అతుక్కోని అసలు అణువు నూటికి ఒక పాలు మిగిలి ఉన్నా, ప్రోబ్ పూర్తిగా చచ్చినదైనా, వంద రెట్లు తక్కువ చురుకు కనిపిస్తుంది. ఆ చురుకు మిగిలిపోయిన ఒక్క శాతానిది, వెలుగు చచ్చిన తొంభై తొమ్మిది శాతానిది. హెచ్‌పీఎల్‌సీతో (కలిసిన అణువులను విడదీసి చూపే పరీక్ష) తేలిన శుద్ధత చూడకుండా కొన్న ప్రోబ్‌తో ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

జంటగా ఒక మూగ అణువునూ కొనండి. సీపీజీకి అవే అక్షరాలు తిరగేసిన జీపీసీ వరుస ఉన్న ముక్క, ఎండీపీకి నాడ్2 గుర్తించని డీ-డీ ఐసోమర్. అదే డైతో ఆ జంట కూడా అదే చోట పోగైతే, అది గ్రాహకం పిలుపు కాదు, కణం అన్నిటినీ మింగే తీరు మాత్రమే. ఇమిడజోక్వినొలిన్లు బలహీన క్షారాలు కాబట్టి ఆమ్లపు తిత్తుల్లో ఎలాగూ చిక్కుకుంటాయి. ఎండోసోమ్‌లో కనబడటం ఒక్కటే టీఎల్ఆర్7ను పట్టుకున్నట్టు రుజువు కాదు. టీఎల్ఆర్7 లేని కణాలతోనూ పోల్చాలి. ఎల్‌పీఎస్ కాలుష్యాన్ని కూడా మరవకండి. మాక్రోఫేజ్‌లు మిల్లీలీటరుకు నానోగ్రాములో కొంత భాగానికే స్పందిస్తాయి. ఎల్‌పీఎస్‌ను కట్టిపడేసే పాలిమిక్సిన్ బీ కలిపితే మీ ఎండీపీ ప్రోబ్ ప్రభావం మాయమైందంటే, అది ఎండీపీ ప్రభావం కాదు.

కణాల వెలుగును ఒక్కొక్కటిగా కొలిచే ఫ్లో సైటోమీటర్‌తో పనిచేసేవారికి ఇంకో చిక్కు. యంత్రం కణంలో మొత్తం వెలుగు ఎంతో చెబుతుంది కానీ, అది పైన ఉందో లోపల ఉందో చెప్పదు. దీనికి పాత, చవకైన ఉపాయం ఉంది. మంచులో ఉంచిన గొట్టం నుంచి కొన్ని కణాలను యంత్రంలో చదివించండి. అదే గొట్టంలో ట్రైపాన్ బ్లూ అనే నీలి రంజకం వేసి, కదిపి, మళ్లీ చదివించండి. ఆ రంజకం బతికున్న కణం లోపలికి పోజాలదు, బయట అంటుకున్న ఫ్లోరెసీన్ వెలుగును మింగేస్తుంది. మిగిలినదే లోపలికి చేరిన వాటా. నాలుగు డిగ్రీల దగ్గర ఉంచిన కణాల్లో వెలుగు దాదాపు అంతా ఆరిపోవాలి, ఎందుకంటే చలిలో కణం మింగదు. ఆరకపోతే డై పొరను చీల్చుకునో, చచ్చిన కణాల్లోకో పోతోంది. ఒక జాగ్రత్త: ప్రోటీన్లకు అంటుకున్న ట్రైపాన్ బ్లూ తానే ఎర్రగా వెలుగుతుంది. దూరపు ఎరుపు డైలతో ఈ ఉపాయం పనికిరాదు.

ఒక్కటే కొనగలిగితే

చాలా ప్రయోగశాలల్లో గ్రాంటు డబ్బు ఒక ప్రోబ్‌కే సరిపోతుంది. అప్పుడు నా సలహా ఇది. ఎల్‌పీఎస్ కణం మీద ఎలా అంటుకుంటుందో, ఎంత వేగంగా లోపలికి పోతుందో చూడాలంటే అలెక్సా 488 కట్టినది తీసుకోండి. ఎల్‌బీపీ, సీడీ14ల అందజేత మీ ప్రశ్న అయితే బోడిపీది. సీపీజీకి 3' కొసన టామ్రా. టీఎల్ఆర్7కు ఒకటో నైట్రోజన్ వైపున కొక్కెం ఉన్న ఇమిడజోక్వినొలిన్, దానికి రోడమిన్ ఐసోథయోసయనేట్. ఎండీపీకి డై వద్దు, ఆల్కైన్ ఉన్నది కొని క్లిక్ చేసుకోండి. ఇంకా ఏదీ నిర్ణయించుకోలేకపోతే, కొక్కెం మాత్రమే ఉన్న అణువును తెప్పించుకోండి. ఈ నెల పచ్చ డై, వచ్చే నెల ఎర్ర డై మీరే అతికించుకోవచ్చు. ముందుగా ఆ కొక్కెం ఉన్న అణువు చురుకును, ఏ డై తగలకముందే, ఒకసారి కొలిచి నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి.